పని పంచడం, పట్టి ఉంచడం

(బహుళ ప్రాసెసర్ల మీద ఫంక్షనల్ భాషల అమలు గురించి, ఆచార్య అర్వింద్ స్మృతికి నివాళిగా చేసిన ఉపన్యాసం)



ఈరోజు మనం తలుచుకుంటున్న మనిషి పేరుకు ముందు ఇంటిపేరు ఉండదు, పొడి అక్షరాలు ఉండవు. అర్వింద్, అంతే. పరిశోధన పత్రాల మీదా, పుస్తకం అట్ట మీదా ఆ ఒక్క మాటే కనిపిస్తుంది. 1947లో పుట్టారు. 1969లో ఐఐటీ కాన్పూర్ నుంచి ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పట్టా, 1973లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ తీసుకున్నారు. కొన్నేళ్లు కాలిఫోర్నియాలోని అర్వైన్‌లో పాఠాలు చెప్పారు. 1970ల చివర ఎంఐటీలో చేరి, 2024 జూన్ 17న కన్నుమూసేదాకా అక్కడే ఉన్నారు.

అర్వైన్‌లో ఉండగా ఆయన బృందం ఒక భాషను తయారుచేసింది. దాని పేరు ఐడి. ‘అర్వైన్ డేటాఫ్లో’ అన్న రెండు మాటల ఇంగ్లిషు మొదటి అక్షరాలే ఆ పేరు. ఆ భాష వెంట ఆయన ఇరవై ఏళ్లకు పైగా నడిచారు. దానికోసం యంత్రం కట్టించారు. ఆ యంత్రాలు మూలపడ్డాక కూడా ప్రశ్నను మాత్రం వదిలిపెట్టలేదు. ప్రశ్న చాలా మామూలుది: ఒక లెక్కను పది ప్రాసెసర్లకు పంచితే పదో వంతు కాలంలో ఎందుకు తెమలదు?

ఈ ఉపన్యాసం చెప్పదలచుకున్నది కూడా ఆ ప్రశ్న చుట్టూ తిరిగే ఒక్క మాటే. ఫంక్షనల్ భాషల్లో పంచుకోదగ్గ పనికి ఎన్నడూ కొదవ లేదు. వాటిని బహుళ ప్రాసెసర్ల మీద అమలు చేయడమంటే పనిని వెతికి పంచడం అని తొలితరం అనుకుంది. నలభై ఏళ్లలో తేలింది వేరు. ఎంత పనిని పంచకుండా పట్టి ఉంచాలో తెలుసుకోవడమే అమలులో అసలు కష్టం. ఈ మాటను మెట్టు మెట్టుగా నిరూపించే ప్రయత్నం చేద్దాం.

1. క్రమం పట్టింపు లేని లెక్క

బ్యాంకు ఖాతాలో 1000 రూపాయలున్నాయి. ‘నిల్వకు 100 కలుపు’ అని ఒక ఆదేశం, ‘నిల్వ మీద పది శాతం వడ్డీ కలుపు’ అని మరొకటి. మొదట వంద కలిపి తరువాత వడ్డీ వేస్తే 1210 వస్తుంది. వడ్డీ వేసి వంద కలిపితే 1200. ‘నిల్వ’ అనే ఒకే గడిలో పాత అంకె చెరిపి కొత్త అంకె రాస్తున్నాం కాబట్టి ఎవరు ముందు రాశారన్నది ఫలితాన్ని మార్చేస్తుంది. ఈ రెండు ఆదేశాలనూ రెండు ప్రాసెసర్లకు ఇచ్చి వదిలేస్తే ఏ జవాబు వస్తుందో ముందుగా చెప్పలేం.

ఫంక్షనల్ భాషలో చెరిపి రాయడం ఉండదు. పేరుకు ఒకసారి విలువ ఇచ్చామంటే ఇచ్చినట్టే. ఒక కూడికకు అటూ ఇటూ రెండు ఫంక్షన్లుంటే, ఎడమది ముందు లెక్కగట్టినా, కుడిది ముందు కట్టినా, రెండూ ఒకేసారి కట్టినా జవాబు మారదు. దీనికి గణితపు పునాది కంప్యూటర్లు పుట్టకముందే పడింది. 1936లో అలోంజో చర్చ్, బార్క్లీ రాసర్ నిరూపించిన సిద్ధాంతమది.

1977లో ట్యూరింగ్ పురస్కారం అందుకుంటూ జాన్ బాకస్ చేసిన ప్రసంగం ఈ విషయాన్ని అందరి నోళ్లలో నానేలా చేసింది. ఫోర్ట్రాన్ భాషను నిర్మించిన బృందానికి నాయకుడాయన. ఆయనే లేచి, ప్రాసెసర్‌కూ మెమరీకీ మధ్య ఒక్కొక్క మాటే దూరే సన్నటి గొట్టం ఉందనీ, మన భాషలు, మన ఆలోచనలు ఆ గొట్టానికి బందీలయ్యాయనీ అన్నాడు. విన్నవాళ్లలో చాలామందికి దారి కనిపించినట్టయింది. చెరిపి రాయడం మానేస్తే గొట్టం అక్కర్లేదు, లెక్కను ఎన్ని ప్రాసెసర్లకైనా పంచేయవచ్చు.

పంచవచ్చు, నిజమే. పంచితే లాభమా అన్న ప్రశ్న అప్పటికింకా ఎవరూ గట్టిగా వేయలేదు.

2. టోకెన్ల వరద

తొలి ప్రయత్నాలు యంత్రాన్నే మార్చాయి. ఎంఐటీలో జాక్ డెనిస్ డేటాఫ్లో అనే పద్ధతికి రూపమిచ్చాడు. ఇందులో ‘తరువాతి ఆదేశం ఏది’ అని చూపించే ముల్లు ఉండదు. ప్రతి ఆదేశం తనకు కావలసిన విలువల కోసం ఎదురుచూస్తుంది. రెండు విలువలూ చేరగానే నడుస్తుంది, ఫలితాన్ని మరో ఆదేశానికి పంపిస్తుంది. ఇలా ప్రయాణించే విలువను టోకెన్ అన్నారు. ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో జాన్ గర్డ్, ఇయాన్ వాట్సన్ బృందం 1981 నాటికి ఇలాంటి యంత్రాన్ని నడిపి చూపించింది.

అర్వింద్ దృష్టి ఇంకొంచెం లోతుగా పోయింది. రాబర్ట్ యానుచ్చితో కలిసి 1980లలో రాసిన ఒక విమర్శలో ఆయన సమస్యను రెండు మాటల్లో బిగించారు. బహుళ ప్రాసెసర్ యంత్రంలో మెమరీ ఎప్పుడూ దూరమే. అడిగిన విలువ వచ్చేలోగా ప్రాసెసర్ ఏం చేయాలి? ఇది మొదటిది. ఒకరి ఫలితం కోసం మరొకరు ఎదురుచూడాల్సినప్పుడు ఆ కాపలా ఖర్చు ఎవరు భరించాలి? ఇది రెండోది. ఈ రెండింటికీ సమాధానం చెప్పని యంత్రం పెద్దదయ్యేకొద్దీ కుంటుతుందని ఆయన వాదన. ఈనాటి లెక్కలోనూ అది కొట్టివేయలేం. 3 గిగాహెర్ట్జ్ కోర్ ఒకటి బయటి మెమరీ నుంచి ఒక విలువ తెచ్చుకోవడానికి సుమారు 100 నానోసెకన్లు పట్టిందనుకోండి, ఈలోగా 300 క్లాక్ సైకిళ్లు ఊరికే పోతాయి.

రెండో ప్రశ్నకు ఆయన బృందం ఇచ్చిన సమాధానం ఐ-స్ట్రక్చర్. ఇదొక శ్రేణి. ప్రతి గడికీ ‘నిండింది, నిండలేదు’ అని చెప్పే చిన్న గుర్తు ఉంటుంది. నిండని గడిని ఎవరైనా చదవబోతే వారి పేరు అక్కడే రాసిపెట్టుకుంటుంది. పోస్టాఫీసులో ఇంకా రాని మనియార్డరు కోసం పేరు చెప్పి వచ్చేసినట్టు. విలువ రాగానే ఎదురుచూస్తున్న వాళ్లందరికీ అందుతుంది. ఒక్కసారే రాస్తారు కాబట్టి ఎవరు ఎప్పుడు చదివినా విలువ ఒక్కటే.

ఈ ఆలోచనలన్నీ కలిసి మోటరోలా సంస్థ తోడ్పాటుతో ఒక యంత్రమయ్యాయి. దాని పేరు మాన్‌సూన్, మన వానల పేరే. దాని మూల రూపకల్పన గ్రెగ్ పాపడోపౌలోస్‌ది. రెండు టోకెన్లు కలుసుకోవడానికి అంతకుముందు యంత్రాలు పెద్ద వెతుకులాట పెట్టేవి. మాన్‌సూన్‌లో ఆ చోటును కంపైలర్ ముందే నిర్ణయిస్తుంది. మొదట వచ్చిన టోకెన్ అక్కడ కూర్చుంటుంది, రెండోది రాగానే ఆదేశం నడుస్తుంది. ఇలాంటి యంత్రాలు డజను దాకా తయారై లాస్ ఆలమోస్ ప్రయోగశాలకూ కొన్ని విశ్వవిద్యాలయాలకూ వెళ్లాయి.

ఇక అసలు విషయం. ఈ యంత్రాల మీద ప్రోగ్రాములు నడిపినవాళ్లకు ఎదురైన తొలి ఇబ్బంది పని చాలకపోవడం కాదు, పని పొంగిపోవడం. వెయ్యి చుట్లు తిరిగే లూప్ ఉందనుకోండి. చుట్టుకూ చుట్టుకూ సంబంధం లేకపోతే డేటాఫ్లో యంత్రం వెయ్యింటినీ ఒక్కసారిగా విప్పేస్తుంది. ప్రతి చుట్టుకూ కొంత మెమరీ కావాలి, లోపల మరో లూప్ ఉంటే అదీ విప్పుకుంటుంది. యంత్రంలో ఉన్నవి పదహారు ప్రాసెసర్లే అయినా లక్షల టోకెన్లు వచ్చి పడతాయి. మెమరీ నిండిపోతే ఏ పనీ పూర్తికాదు, పూర్తికాకపోతే మెమరీ ఖాళీ కాదు. యంత్రం బిగుసుకుపోతుంది.

మాంచెస్టర్ వాళ్లు దీనికోసం పనిని తొక్కిపట్టే ప్రత్యేక విభాగాన్ని రూపొందించారు. అర్వింద్, ఆయన శిష్యుడు డేవిడ్ కల్లర్ కలిసి లూప్‌కు గట్టు కట్టారు. ఏ సమయంలోనైనా ఇన్ని చుట్లే తెరిచి ఉండాలి, ఒకటి ముగిస్తేనే కొత్తది మొదలవ్వాలి అన్నది నియమం. విద్యార్థి మిత్రులు గమనించాలి. సమాంతరత కోసమే పుట్టిన భాష, సమాంతరత కోసమే కట్టిన యంత్రం. దాన్ని నడిపించడానికి కావలసి వచ్చింది సమాంతరతను ఆపే గట్టు.

3. పొట్లాలు, నల్లగుంటలు

ఇదే కాలంలో ఇంగ్లండులో మరో దారి పట్టారు. లండన్ ఇంపీరియల్ కాలేజీలో జాన్ డార్లింగ్టన్ బృందం ఆలిస్ అనే యంత్రాన్ని, యూనివర్సిటీ కాలేజీలో సైమన్ పేటన్ జోన్స్ బృందం గ్రిప్ అనే యంత్రాన్ని కట్టాయి. గ్రిప్‌లో ఉన్నవి ఆనాడు బజారులో దొరికే మోటరోలా 68020 ప్రాసెసర్లే. గ్రిప్ నడిపించిన భాషలు బద్ధకపు భాషలు, అంటే విలువ అవసరం పడేదాకా లెక్క కట్టనివి. కట్టని లెక్కను ఒక పొట్లంలా మెమరీలో పెట్టి ఉంచుతారు. ఎవరికైనా కావలసినప్పుడు పొట్లం విప్పి లెక్క కట్టి, పొట్లం స్థానంలో జవాబు పెడతారు.

ఇద్దరికి ఒకే పొట్లం ఒకేసారి కావలసి వస్తే? మొదటివాడు విప్పుతూనే దానిమీద ‘ఇది పనిలో ఉంది’ అన్న ముద్ర వేస్తాడు. దానికి నల్లగుంట అని పేరు. రెండోవాడు వచ్చి నల్లగుంటను చూసి ఆగుతాడు. ఎంతో సబబైన ఏర్పాటు. పాఠ్యపుస్తకంలో ఇంతటితో అధ్యాయం ముగుస్తుంది.

అమలు దగ్గరికొస్తే కథ మారింది. హాస్కెల్ అనే బద్ధకపు భాషకు ప్రధాన కంపైలరైన జీహెచ్‌సీని పంచుకున్న మెమరీ ఉన్న బహుళ ప్రాసెసర్ల మీదికి తెచ్చినప్పుడు, అంటే 2005 ప్రాంతంలో, టిమ్ హారిస్, సైమన్ మార్లో, పేటన్ జోన్స్ ఈ ముద్ర ఖర్చును కొలిచారు. హాస్కెల్ ప్రోగ్రాము సెకనుకు లక్షలాది పొట్లాలు విప్పుతుంది. ప్రతిసారీ తాళం వేసి ముద్ర కొడితే, రెండోవాడు ఎన్నడూ రాని పొట్లాలకు కూడా ఆ సుంకం కట్టాల్సిందే. అందుకని వాళ్లు ముద్రను వాయిదా వేశారు. థ్రెడ్ కాసేపు ఆగినప్పుడు మాత్రమే, అది చేతబట్టిన పొట్లాల మీద ముద్రలు పడతాయి.

ఈలోగా ఇద్దరు ఒకే లెక్క కట్టేయవచ్చు కదా? కట్టేయవచ్చు. ఇద్దరికీ ఒకే జవాబు వస్తుంది, ఇద్దరూ అదే చోట పెడతారు. కొంత శ్రమ దండగ, అంతే. ఫలితం చెడదు. చెరిపి రాసే భాషలో ఈ ధైర్యం చేయలేం. ఫంక్షనల్ భాష అమలుకర్తకు ఇచ్చిన గొప్ప వరం ఇదేననిపిస్తుంది. అప్పుడప్పుడు అజాగ్రత్తగా ఉండే స్వేచ్ఛ అది. క్రమం పట్టింపు లేకపోవడం వల్ల పని పంచుకోవడమే కాదు, కాపలా తగ్గించుకోవడమూ సాధ్యమైంది.

ఇంతలో యంత్రాల లోకమూ మారింది. 2004 మే నెలలో ఇంటెల్ తేజస్ అనే తన తరువాతి ప్రాసెసర్ తయారీని మధ్యలోనే ఆపేసింది. క్లాక్ వేగం పెంచుతూ పోతే వేడి భరించలేని స్థితి వచ్చింది. అప్పటినుంచి వేగం పెంచడానికి బదులు కోర్ల సంఖ్య పెంచడం మొదలైంది. ఎక్కువగా ప్రయోగశాలల్లో, పెద్ద యంత్రాల్లో కనిపించిన బహుళ ప్రాసెసర్లు కొన్నేళ్లలోనే విద్యార్థుల బల్లల మీదికి, ఆపైన జేబుల్లోకి వచ్చాయి. మాన్‌సూన్ నాటి ప్రశ్నలన్నీ అలాగే వెంట వచ్చాయి.

4. ఫిబొనాచ్చీ 30

ఇప్పుడు ఒక చిన్న లెక్కను దగ్గరగా చూద్దాం. దీనికి కాగితం, కలం చాలు.

ఫిబొనాచ్చీ వరుసలో 30వ సంఖ్య కావాలి. దాన్ని అందరికీ తెలిసిన దారిలోనే కడదాం: 30 కావాలంటే 29, 28 కట్టి కలపాలి, 29 కావాలంటే 28, 27 కట్టాలి, ఇలా ఒకటి, సున్నా దాకా. జవాబు 8,32,040. ఆ జవాబు కోసం ఫంక్షన్‌ను పిలిచేది 26,92,537 సార్లు. ప్రతి పిలుపులో జరిగేది మహా అయితే ఒక పోలిక, రెండు తీసివేతలు, ఒక కూడిక. కొన్ని నానోసెకన్ల పని.

సిద్ధాంతం ప్రకారం ప్రతి కూడికకూ రెండు వైపులా స్వతంత్రమే, ఇద్దరికి పంచవచ్చు. పంచుదాం. ఒక్కో పిలుపుకూ ఆపరేటింగ్ సిస్టమ్ థ్రెడ్ పుట్టిస్తే, పుట్టించడానికే మైక్రోసెకన్లు పడతాయి, అంటే చేయాల్సిన పనికి వేల రెట్ల ఖర్చు. గింజకొక గోనెసంచి కొన్నట్టు. ఎనిమిది కోర్ల యంత్రం మీద ఈ ప్రోగ్రాము ఒక్క కోర్ మీదకంటే నెమ్మదిగా నడుస్తుంది.

గట్టు కడదాం. 20 గానీ అంతకు తక్కువ గానీ వస్తే పంచకుండా ఒక్కరే కట్టుకోవాలి అని నియమం పెడదాం. అప్పుడు చెట్టు కొమ్మలు 144 ముక్కలతో ఆగిపోతాయి. అందులో 89 ముక్కల్లో ఒక్కోదానికి 21,891 పిలుపులు, మిగతా 55 ముక్కల్లో ఒక్కోదానికి 13,529 పిలుపులు. పైన పంపకానికి ఖర్చయినవి 143. మొత్తం కలిపి చూడండి, మళ్లీ 26,92,537 వస్తాయి. పని ఒక్క పిసరు తగ్గలేదు, పంచే ఖర్చు మాత్రం 143 చోట్లకు కుదించుకుపోయింది. ఎనిమిది కోర్లకు తలా 18 ముక్కలు.

గట్టును 25 దగ్గర కడితే 13 ముక్కలే మిగులుతాయి. ఎనిమిది మందికి పదమూడు సరిగా పంచలేం, కొందరు ఖాళీగా కూర్చుంటారు. 10 దగ్గర కడితే 17,711 ముక్కలు, పంపకం ఖర్చు మళ్లీ పైకి లేస్తుంది. అంటే ఎక్కడో మధ్యలో సరైన గట్టు ఉంది. అది యంత్రాన్ని బట్టి, లెక్కను బట్టి, ఆ రోజు కోర్లు ఎంత తీరిగ్గా ఉన్నాయన్నదాన్ని బట్టి మారుతుంది. ప్రోగ్రాము రాసే మనిషి దాన్ని ముందే ఎలా ఊహిస్తాడు?

ఊహించనక్కర్లేని ఉపాయానికి బీజం ఎంఐటీలోనే పడింది. రాబర్ట్ హాల్‌స్టెడ్ 1985లో మల్టీలిస్ప్ అనే భాష గురించి రాశాడు. అందులో ‘ఈ విలువ తరువాత వస్తుంది, ఈలోగా ముందుకు సాగు’ అని చెప్పే మాట ఉంది. 1990లో మోర్, క్రాంజ్, హాల్‌స్టెడ్ ముగ్గురూ దాని అమలును తలకిందులు చేశారు. పంచమన్న చోట పంచకు. మామూలు పిలుపులాగే నువ్వే చేసుకుపో. ‘ఇక్కడ పంచుకోవచ్చు’ అన్న గుర్తు మాత్రం వదిలిపెట్టు. ఖాళీగా ఉన్నవాడెవడైనా వస్తే అతనే ఆ గుర్తు పట్టుకుని పని తీసుకుపోతాడు.

మన ఊళ్లలో నాట్లు వేసేటప్పుడు చూడండి. ఒక్కొక్కరి వెనకా నారు కట్టలు పెట్టి ఉంటాయి. ఎవరి కట్టలు వారు తీసి నాటుకుంటూ పోతారు. ఒకరి కట్టలు అయిపోతే పక్కవారి వెనక, అందరికంటే దూరంగా పడి ఉన్న కట్టను తెచ్చుకుంటారు. పక్కావిడ చేతిలోది లాక్కోరు. ఆమెను ఆపి అడగనూ అక్కర్లేదు. మేస్త్రి నిలబడి ప్రతి కట్టనూ లెక్కపెట్టి పంచాల్సిన పనీ లేదు. పని ఉన్నవాళ్లు పంపకం గురించి ఆలోచించరు, పని లేనివాళ్లే తిరుగుతారు. ఆ తిరుగుడు ఖర్చు ఖాళీగా ఉన్నవాళ్ల కాలం నుంచే పోతుంది.

కంప్యూటర్‌లో దీన్ని ‘పని దొంగిలించడం’ అంటారు. ఫిబొనాచ్చీ 30లో మొదటి కోర్ 29 కట్టడానికి లోపలికి దిగుతూ 28ని గుర్తుగా వదిలిపెడుతుంది. రెండో కోర్ వచ్చి అన్నిటికంటే పాత గుర్తును పట్టుకుంటుంది. పాతది అంటే చెట్టులో పైది, పైది అంటే పెద్దది. ఆ ఒక్క దొంగతనంతో 10,28,457 పిలుపుల పని చేతికొస్తుంది. ఇక చాలాసేపు అతను మళ్లీ తిరగనక్కర్లేదు.

ఈ పద్ధతి ఎంత మంచిదో 1994లో రాబర్ట్ బ్లూమోఫ్, చార్లెస్ లైసర్‌సన్ గణితంగా నిరూపించారు. మొత్తం పనిని ప్రాసెసర్ల సంఖ్యతో భాగించగా వచ్చే కాలం, దానికి తోడు లెక్కలోని అతి పొడవైన గొలుసుకు అనులోమమైన కొద్ది కాలం, అంతకుమించి సగటున పట్టదు. వాళ్ల సిల్క్ ఫంక్షనల్ భాష కాదు, సీ భాషకు పొడిగింపు. అయినా 1998 నాటి సిల్క్‌లో పనిని పంచడానికి సిద్ధం చేసే ఖర్చు మామూలు సీ పిలుపుకు రెండు నుంచి ఆరు రెట్లకు దిగింది. ఆ ఉపాయాలే తిరిగి ఫంక్షనల్ భాషల్లోకి వచ్చాయి.

హాస్కెల్‌లో అది ఎలా కనిపిస్తుందో చూడండి. పంచుకోవచ్చని సూచించిన లెక్కకు అక్కడ ‘స్పార్క్’ అని పేరు, అంటే నిప్పురవ్వ. పేరులోనే ఉంది, అంటుకుంటే అంటుకుంటుంది, లేకపోతే ఆరిపోతుంది. ప్రతి కోర్‌కూ మామూలుగా 4096 రవ్వలు పట్టే బుట్ట ఒకటి. బుట్ట నిండితే కొత్త రవ్వను పారేస్తారు. తప్పేమీ లేదు, ఆ లెక్క కావలసినవాడే కట్టుకుంటాడు. ప్రోగ్రాము ముగిశాక జీహెచ్‌సీ ఒక పట్టిక ఇస్తుంది. ఎన్ని రవ్వలు పుట్టాయి, ఎన్ని నిజంగా మరో కోర్ మీద పనిగా మారాయి, ఎన్ని పొంగిపోయాయి, ఎన్ని ఎవరూ ముట్టకముందే అసలు థ్రెడ్ కట్టేసుకోవడం వల్ల ఆరిపోయాయి. లక్షల రవ్వలు పుట్టి, పనిగా మారినవి కొన్ని వందలే అయితే కొత్తవాళ్లు కంగారుపడతారు. కంగారు అక్కర్లేదు, ఆ పట్టికలో చూడాల్సింది పనిగా మారినవి కోర్లన్నిటినీ నింపాయా లేదా అన్నదే.

పంచుకోవచ్చని చెప్పడం మనిషి పని. పంచాలా వద్దా తేల్చడం రన్‌టైమ్ పని. కంపైలరే అంతా కనిపెట్టి పంచేస్తుందన్న 1980ల ఆశ నెరవేరలేదు. దాని స్థానంలో నిలిచిన ఈ శ్రమ విభజన మాత్రం గట్టిగా నిలిచింది.

5. మెమరీ ఎవరి వాటా?

ఇంతవరకూ పని గురించే మాట్లాడుకున్నాం. చెరిపి రాయని భాషకు మరో ఖరీదుంది. పాత విలువ అలాగే ఉండి కొత్త విలువ కొత్త చోట పుడుతుంది. పది లక్షల గడుల శ్రేణిలో ఒక్క గడి మార్చాలంటే, అమాయకంగా అమలు చేస్తే, పది లక్షల గడులూ నకలు తీయాలి.

1983లో రూపుదిద్దుకున్న సిసాల్ అనే భాష దీన్ని గెలిచింది. అమెరికాలోని లివర్‌మోర్ ప్రయోగశాల, మాంచెస్టర్ విశ్వవిద్యాలయం దానిలో భాగస్వాములు. పాత శ్రేణి ఇంకెవరికీ అక్కర్లేదని కంపైలర్ రుజువు చేసుకోగలిగితే అదే చోట మార్చేస్తుంది. మనిషి రాసింది చెరిపి రాయని భాష, యంత్రం చేసేది చెరిపి రాయడమే. 1992లో డేవిడ్ కాన్ ఫోర్ట్రాన్‌కు ఇక సెలవివ్వవచ్చా అని అడుగుతూ, క్రే సూపర్ కంప్యూటర్ల మీద సిసాల్ ఫోర్ట్రాన్‌కు దీటుగా నడిచిన ఫలితాలు ప్రచురించాడు. ఇంత గెలిచిన భాష వాడుకలో నిలవలేదు. ఈ చరిత్రలో అన్నిటికంటే బాధ కలిగించే సంగతి ఇదే.

శ్రేణులు కాక చిన్నచిన్న వస్తువులతో నడిచే ప్రోగ్రాముల్లో చెత్త ఏరివేత సమస్య. హాస్కెల్ ప్రోగ్రాము సెకనుకు గిగాబైటు మేర కొత్త వస్తువులు పుట్టించడం మామూలే. వాటిలో చాలావరకు పుట్టిన క్షణాల్లోనే పనికిరాకుండా పోతాయి. ఏరివేతకు మొత్తం కాలంలో ఐదో వంతు పడుతుందనుకుందాం. అది ఒక్క కోర్ మీదే నడిస్తే, మిగతా పనికి వంద కోర్లు తెచ్చినా మొత్తం వేగం ఐదు రెట్లు దాటదు. కనుక ఏరివేతనూ పంచాలి. ఇక్కడ 2009లో మార్లో, పేటన్ జోన్స్, సత్నామ్ సింగ్ గమనించిన విషయం మన వాదనకు బలమిస్తుంది. ఏరివేత పనిని కోర్ల మధ్య సమంగా సర్దబోతే ఒక కోర్ పుట్టించిన వస్తువులు మరో కోర్ దగ్గరికి చేరి, తరువాత వాటికోసం దూరం పోవాల్సి వస్తోంది. కొన్ని ప్రోగ్రాముల్లో సర్దుబాటు మానేసి, ఎవరి చెత్త వాళ్లే ఏరుకుంటే లాభం కనిపించింది.

ఈ ‘ఎవరిది వాళ్లే’ సూత్రాన్ని చివరిదాకా తీసుకుపోయినది ఎర్లాంగ్. 1980లలో ఎరిక్సన్ సంస్థలో టెలిఫోన్ ఎక్స్ఛేంజిల కోసం జో ఆర్మ్‌స్ట్రాంగ్ బృందం తయారుచేసిన భాష ఇది. ప్రతి ప్రాసెస్‌కూ సొంత మెమరీ. పుట్టినప్పుడు 233 పదాల కుప్పతో మొదలవుతుంది. ఒకరితో ఒకరు మాట్లాడాలంటే సందేశం నకలు పంపాలి. నకలు ఖరీదే, కానీ ఒకరి చెత్త ఏరడానికి మరొకరిని ఆపనక్కర్లేదు. అందుకే 2006లో బహుళ ప్రాసెసర్ల మీదికి వచ్చినప్పుడు పాత ఎర్లాంగ్ ప్రోగ్రాములను తిరగరాయాల్సిన అవసరం రాలేదు. మొదట అన్ని కోర్లకూ కలిపి నడవాల్సిన ప్రాసెస్‌ల వరుస ఒకటే ఉండేది, దాని తాళం దగ్గరే అందరూ తోసుకునేవారు. 2009లో ప్రతి కోర్‌కూ వేరే వరుస ఇచ్చారు, మళ్లీ నారు కట్టల పద్ధతే. 2012 జనవరిలో వాట్సాప్ ఒకే సర్వర్ మీద 20 లక్షల కనెక్షన్లు నిలబెట్టానని ప్రకటించింది. దాని వెనక ఉన్నది ఈ ఎర్లాంగే. మనం రోజూ పొద్దున్నే చూసుకునే శుభోదయాల వెనక కూడా.

చివరి ఉదాహరణ మనకు దగ్గరిది. ఓకామెల్ భాష రన్‌టైమ్‌లో దశాబ్దాలుగా ఒకే ఒక తాళం ఉండేది. థ్రెడ్లు ఎన్ని ఉన్నా, ఒక సమయంలో ఒక్కటే ఓకామెల్ కోడ్‌ను నడపాలి. దాన్ని తొలగించే పని కేంబ్రిడ్జిలో మొదలైంది. దాన్ని ఒడ్డు చేర్చినవారిలో ముఖ్యుడు ఐఐటీ మద్రాసు ఆచార్యుడు కే.సీ. శివరామకృష్ణన్. ఆ బృందం ముందు రెండు నమూనాలున్నాయి. ఒకదానిలో ప్రతి కోర్ తన కుర్ర వస్తువుల చెత్తను ఎవరినీ ఆపకుండా తానే ఏరుకుంటుంది. చూడటానికి ఇదే ఎక్కువ సమాంతరం. రెండోదానిలో అందరూ ఒక్క క్షణం ఆగి, అందరూ కలిసి ఏరి, మళ్లీ బయల్దేరతారు.

వాళ్లు రెండింటినీ కట్టి కొలిచారు. మొదటిదానిలో మెమరీ చదివేటప్పుడు అదనపు తనిఖీ కావాలి, పైగా ఓకామెల్‌కు అతికించిన పాత సీ కోడ్ అంతా తిరగరాయాలి. రెండోది ఆ బాధ లేకుండానే వేగంలో దీటుగా నిలిచింది. తక్కువ సమాంతరంగా కనిపించే రెండోదాన్నే వాళ్లు ఎంచుకున్నారు. 2020లో ఆ పత్రం వెలువడింది. 2022 డిసెంబర్ 16న ఓకామెల్ 5.0 విడుదలైంది. ఒక్క కోర్ మీద నడిచే పాత ప్రోగ్రాము నెమ్మదించకూడదన్నది వాళ్లు మొదటినుంచీ పెట్టుకున్న షరతు. సమాంతరత వద్దనుకున్నవాళ్ల దగ్గర సుంకం వసూలు చేయకూడదన్న ఆ మర్యాద అందరు అమలుకర్తలూ నేర్చుకోవాల్సినది.

6. అర్వింద్ దగ్గరికి మళ్లీ

మాన్‌సూన్ యంత్రాలు ఇప్పుడు నడవడం లేదు. ఒకటి కాలిఫోర్నియాలోని కంప్యూటర్ మ్యూజియానికి చేరింది. ఐడి భాష హాస్కెల్ వ్యాకరణం తొడుక్కుని పీహెచ్ అయింది. సహ పరిశోధకుడు నిఖిల్‌తో కలిసి అర్వింద్ 2001లో దానిమీద పుస్తకం రాశారు. ఆ భాషా ఇప్పుడు వాడుకలో లేదు. యంత్రాలూ భాషలూ పోయాయి కాబట్టి ఆ పని వృథా అయిందని ఎవరైనా అంటే, హాస్కెల్‌లో థ్రెడ్లు మాట్లాడుకునే ఎంవార్‌ను చూపించాలి. నిండిందా, ఖాళీగా ఉందా అన్న గుర్తుతో, వచ్చినవాళ్లను వరుసలో నిలబెట్టే ఒక గడి అది. ఐడిలోని ఎం-స్ట్రక్చర్‌కు అది వారసురాలు. 2011లో హాస్కెల్‌కు వచ్చిన మరో సమాంతర లైబ్రరీలో ఐవార్ ఉంది. అది ఒక్కసారే నిండే గడి, ఐ-స్ట్రక్చర్‌కు చిన్న రూపం.

అర్వింద్ మలి వయసులో హార్డ్‌వేర్ రూపకల్పన వైపు మళ్లారు. 2003లో బ్లూస్పెక్ అనే సంస్థను స్థాపించినవారిలో ఆయన ఒకరు. చిప్‌ను చిన్నచిన్న నియమాలుగా రాస్తే, ఏ నియమాలు ఒకే క్లాక్‌లో కలిసి నడవవచ్చో, వేటిని ఆపాలో కంపైలర్ తేలుస్తుంది. పంచడం, పట్టి ఉంచడం అన్న అదే ప్రశ్నను ఆయన సిలికాన్ మీదికి తీసుకుపోయారు.

విద్యార్థి మిత్రులకు ఒక విన్నపం. మీ అందరి దగ్గరా నాలుగైదు కోర్లకు తక్కువ కాని ల్యాప్‌టాప్‌లున్నాయి. ఓకామెల్, జీహెచ్‌సీ, ఎర్లాంగ్ మూడూ ఉచితంగా దొరుకుతాయి. ఈ రాత్రికే ఫిబొనాచ్చీ 30 రాయండి, మరీ త్వరగా తెమిలిపోతే 40 రాయండి. మొదట ఒక్క కోర్ మీద కాలం చూడండి. తరువాత గట్టును 5, 10, 15, 20, 25 దగ్గర కట్టి ఐదుసార్లు నడిపి, కాలాలు ఒక కాగితం మీద రాసుకోండి. అంకెలు ఎక్కడ తగ్గాయో, ఎక్కడ మళ్లీ పెరిగాయో గుర్తుపెట్టి, ఆ కాగితం రేపు మీ ఆచార్యులకు చూపించండి.